తడిస్తే తేటపడే గోడ

రాతికి పూస్తే అవతలిది కనిపించేలా చేసే తేటమందు వచ్చాక బేతంచెర్లలో ప్రతి రాతిగోడా అద్దమైపోయింది. రాళ్ల వ్యాపారి ఓబులేసు మాత్రం వెలుగు దూరని మసకరాతితో ఓ గది కట్టుకుని, తన తెలివికి తానే మురిసిపోయాడు.

అతని సుగరు తగ్గాలని శనివారాలు మొగుడూపెళ్లాలిద్దరికీ ఒక్కపొద్దు. ఓ శనివారం ఆ గదిలో దాక్కుని అతను మూడో మిరపకాయ బజ్జీ కొరుకుతుండగా వాన మొదలైంది. ఆరేసిన బట్టలు తీయడానికొచ్చిన భార్య సుంకులమ్మ గోడవతల ఆగిపోయింది. తడిసేసరికి రాయి తేటపడింది. కొనేవాళ్లకు రోజూ నీళ్లు చల్లి అతను చూపించే గుణమే అది!

"జపం చేసుకుంటాండా" అన్నాడు నోటినిండా బజ్జీతో.

"కానీయయ్యా, ఉల్లిగడ్డ కూడా నంజుకో."

ఓబులేసు గోడ తడిమాడు. రాయిలో మోసం లేదు. ఉన్నదంతా లోపల కూర్చుని నములుతోంది.