డాబా మీద దుమ్ము

“ఏటయ్యా ఇది? నోట్లో ఎట్టుకుని సూడు!” నూకాలమ్మ ఒక వడియం తీసి లక్ష్మీప్రసాద్ చేతిలో పెట్టింది.

కొరికాడు. పళ్ల మధ్య ఇసుక కరకరలాడింది.

తెలుగునేలకు దూరంగా, చరోదా ఊరి పక్కన కడుతున్న కొత్త ఫ్యాక్టరీలో పర్యావరణం సంగతులు చూసే ఇంజనీరు అతను. పాత షెడ్లు కూల్చగా వచ్చిన కాంక్రీటును పారబోయకుండా, అక్కడే క్రషర్‌లో నలగ్గొట్టి కొత్త రోడ్ల కింద పరుస్తున్నారు. ఆ దుమ్మంతా గోడ అవతలున్న ఆవిడ డాబా మీద పడుతోంది.

“భూమిని కాపాడతామని గోడంతా రాసేరు. నా వడియాలెవులు కాపాడతారు? ఇవి అమ్ముకునే బతుకుతున్నాను బాబూ.”

“చూస్తాను పిన్నిగారూ.”

“సూడ్డం కాదు, సెయ్యి. ముందు కూకో, టీ తాగు.”

క్రషర్‌కు నీటి జల్లు పెట్టించాడు. ఆవిడ మళ్లీ ఫోన్ చేసింది. గోడ పొడవునా ఆకుపచ్చ వల కట్టించాడు. మళ్లీ చేసింది. పిలిచినప్పుడల్లా వెళ్లాడు. తిట్టినంతసేపు తిట్టి, ఆ నోటితోనే “తిన్నావా?” అని అడిగేది.

“బుఢియా అకేలీ హై, ప్రసాద్‌జీ!” మేనేజర్ నవ్వాడు. “ఒంటరి ముసలిది, మాట్లాడే మనిషి లేక పిలుస్తోంది. వెళ్లడం మానెయ్, జానా బంద్ కరో.”

చివరికి క్రషర్ చుట్టూ రేకులతో షెడ్డే కట్టించాడు. ఆ తరవాత ఫోన్ రాలేదు. సైట్లో అందరిదీ హిందీయే. దగ్గర్లోని కోహ్కాలో తన అద్దె గదికి చేరితే ఆ పాటి మాటలు కూడా ఉండవు.

ఆదివారం ఉండబట్టలేక వెళ్లాడు. మెట్ల దగ్గర బూట్లు విడిచి డాబా ఎక్కాడు. వీధిలో ఆడవాళ్లంతా అక్కడే ఉన్నారు. నూకాలమ్మ చుట్టూ చేరి, పకపకా నవ్వుకుంటూ వడియాలు పెడుతున్నారు.

“ఏటి బాబూ, ఇలాగొచ్చినావు?”

“దుమ్ము పడుతోందేమోనని...”

“రవ్వంతైనా నేదు. సల్లగుండు నాయనా! ఇంక నువ్వు రానక్కర్నేదు.”

ఆవిడ మళ్లీ కబుర్లలో పడిపోయింది.

లక్ష్మీప్రసాద్ మెట్లు దిగి బూట్ల దగ్గరికి వెళ్లాడు. తన బూటు అడుగున వేలు రాసి, మళ్లీ పైకొచ్చి, ఆ దుమ్మును వడియాలు పెట్టిన తెల్లపంచె అంచుకు మెల్లగా పులిమాడు.

“పిన్నిగారూ! ఓసారి ఇటు రండి,” గట్టిగా పిలిచాడు. “దుమ్ము ఇంకా పడుతోంది!”