గుల్ల మీది గీతలు

“ఇంకోసారి చూడండి డాక్టరమ్మా. తొందరేం లేదు,” అన్నాడు పోలీసు అధికారి హాల్వర్, చలికి చేతులు రుద్దుకుంటూ.

సముద్రజీవుల శాస్త్రవేత్త గుడ్రున్ అప్పటికే మూడుసార్లు చూసింది. ఉత్తరాన మంచుసముద్రపు వారాంగర్ తీరంలో, ఒక చిన్న ఊరి పడవల కొట్టంలో, దుంగల మీద ఒరిగి ఉన్న చేపల పడవ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. పొద్దున స్టీమరు దిగి కొట్టంలో అడుగుపెట్టగానే ఆమె ఆగిపోయింది. గుంజ పట్టుకుని నిలబడింది. “సముద్రం పడలేదా?” అని హాల్వర్ నవ్వితే, అవునంది.

పడవ యోస్టీన్ అనే అతనిది. పదకొండేళ్ళ కిందట ఫిబ్రవరి తుఫానులో పడవతో సహా మాయమయ్యాడు. పోయిన వారం ఊరికి దగ్గర్లోనే, సముద్రపు పాయ మొదట్లో నీళ్ళ అడుగున ఎవరి వలకో ఈ పడవ తగులుకుంది. మనిషి ఆనవాలు లేదు. ఇంజను మీది అంకె సరిపోయింది, రంగే సరిపోలేదు. యోస్టీన్ పడవ నీలం. ఇది బూడిద రంగు.

“నాకు నిద్ర పట్టనిది ఆ రంగు దగ్గరే,” అన్నాడు హాల్వర్ గొంతు తగ్గించి. “రంగు మార్చారంటే ఇది ఆ రోజు మునగలేదేమో, వాడు ఇంకెక్కడో బతికాడేమో. వాడి భార్య ఆస్లౌగ్ ఆరేళ్ళ కిందట పెడర్‌ని చేసుకుంది. మొదటివాడు బతికుండగా చేసుకుందంటే ఈ ఊళ్ళో ఇక తలెత్తుకోగలదా? పడవ ఎన్నేళ్ళు నీళ్ళలో ఉందో చెక్కకి అతుక్కున్న మీ గుల్లపురుగులే చెప్పాలి.”

చెప్పగలవు. ఆ సంగతి గుడ్రున్ కంటే బాగా తెలిసినవాళ్ళు ఆ తీరంలో లేరు. పన్నెండేళ్ళుగా ఆమె సముద్రంలో పలకలు వేలాడదీసి, వాటి మీద ఏ జీవి ముందు దిగుతుందో, ఏది తర్వాత చేరుతుందో చూస్తోంది. వసంతంలో గుల్లపురుగు పిల్లలు ఆవగింజలో సగమైనా లేకుండా నీళ్ళలో కొట్టుకొస్తాయి. చోటు తడిమి చూసుకుంటాయి. నచ్చితే తలకిందులుగా అతుక్కుని, చుట్టూ సున్నపు గోడ కట్టుకుంటాయి. ఇక చచ్చేదాకా కదలవు. ఆ చలినీళ్ళలో అన్నీ నెమ్మదే. చలికాలం మేత ఉండదు, ఎదుగుదల ఆగిపోతుంది. ఆగినప్పుడల్లా గుల్ల మీద ఒక గీత పడుతుంది.

ఆమె మళ్ళీ భూతద్దం పెట్టింది. గీతలు రెండైనా బాగుండు, నాలుగైనా బాగుండు అనుకుంది. మూడే ఉన్నాయి. పక్క గుల్ల మీదా మూడే. పదకొండేళ్ళ పలక మీద చెయ్యి పెట్టడానికి చోటుండదు. స్పాంజీలు, గొట్టం పురుగులు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. ఈ పడవకి చెక్క ఇంకా కనబడుతూనే ఉంది.

తలుపు కిర్రుమంది. యాభై దాటిన ఒకావిడ కాఫీ ఫ్లాస్కుతో లోపలికొచ్చింది.

“ఆస్లౌగ్, నిన్ను రావద్దన్నానా?” అన్నాడు హాల్వర్.

“నా పడవ దగ్గరికి నన్నెవడ్రా రావద్దనేది?” అని ఆమె గుడ్రున్ వైపు తిరిగింది. “తాగమ్మా, పెదాలు నల్లబడ్డాయి. ఊళ్ళోవాళ్ళు రంగు చూసి ఏదేదో అంటున్నారు. పెడర్ రెండ్రోజులుగా ముద్ద ముట్టలేదు. ఏదైనా సరే, నాకు చెప్పు. పదకొండేళ్ళేనా?”

గుడ్రున్ కప్పు అందుకుంది. తాగకుండానే పక్కన పెట్టింది.

“పదకొండేళ్ళే అక్కా.”

“మరి రంగు?” అన్నాడు హాల్వర్.

“ఉప్పునీళ్ళలో నీలం వెలిసిపోతుంది.”

“గుల్లలు మరీ పలచగా ఉన్నాయే?”

“ఇది వెచ్చటి సముద్రం కాదు హాల్వర్. ఇక్కడ పదకొండేళ్ళకి ఇంతే.” పన్నెండేళ్ళ పనిలో ఆమె చెప్పిన మొదటి అబద్ధం అది. కాగితం అడిగి, అదే మాట రాసి సంతకం పెట్టింది.

ఆస్లౌగ్ పడవ అంచు మీద చెయ్యి వేసింది. “అప్పుడు వెళుతున్నాడా, వస్తున్నాడా?”

“వస్తున్నాడు. అడుగున దొరికినప్పుడు పడవ ముక్కు మన ఊరివైపే ఉంది,” అన్నాడు హాల్వర్.

ఆ సంగతి గుడ్రున్‌కి అప్పటిదాకా తెలియదు. చేతిలోని కలం కిందపడింది.

“నేను చెప్పలేదూ?” ఆస్లౌగ్ ఏడుస్తూనే నవ్వింది. “ఎక్కడున్నా వాడు ఇంటికే వస్తాడని!” వచ్చి గుడ్రున్‌ని గట్టిగా కౌగిలించుకుంది. “నీ నోటి చలవ. మీ ఆయన ఏం చేస్తాడమ్మా?”

“లేడక్కా.”

“అయ్యో తల్లీ! సముద్రమేనా?”

ఈ మూడేళ్ళూ ఎవరడిగినా, వదిలేసి పోయాడనే గుడ్రున్ చెప్పుకుంది.

“సముద్రమే,” అంది.

భార్య చనిపోయిందని చెప్పి, యోస్టీన్ ఎనిమిదేళ్ళు కాపురం చేసింది గుడ్రున్‌తోనే.