కుర్చీ సిద్ధాంతం

"ముందు కింద ఆ సమ్మె టెంటు పీకించు. నీ చాప్టరు సంగతి తర్వాత చూద్దాం," అన్నాడు గైడు, తల ఎత్తకుండానే.

పరిశోధకురాలు బల్లకు ఇవతల నిలబడి ఉంది. ఆ గదిలో గైడు ముందు ఏ విద్యార్థీ కూర్చోడు. అలాగని గోడ మీద రాసిపెట్టలేదు, రాయక్కర్లేదు కూడా. ఉన్న రెండో కుర్చీలో ఎప్పుడూ ఫైళ్ల కట్టలే కూర్చుని ఉంటాయి.

"ఫెలోషిప్పు ఆపేశారు సార్. అందరికీ వేసేదాకా టెంటు తీయం."

"ఎన్నాళ్లుంటుందో నాకు తెలియదా? కడుపు కాలితే సమ్మె విరుగుతుంది. ఆ సిద్ధాంతం రాసింది నేనే. నీకు పాఠం చెప్పిందీ నేనే."

"అది తప్పు సార్. నేను మిల్లు కార్మికుల ఇళ్ల చుట్టూ తిరిగాను. పస్తులుండి కూడా ఒక్కడూ పనిలోకి పోలేదు. వాళ్ల సమ్మె విరిచింది ఆకలి కాదు, కుర్చీ."

గైడు అప్పుడు తల ఎత్తాడు. "ఏం కుర్చీ?"

"మేనేజరు వాళ్ల నాయకుణ్ణి గదిలోకి పిలిచి కుర్చీ వేశాడు. టీ ఇచ్చాడు. నాయకుడు ఒక్కదానికీ ఒప్పుకోలేదు. అయినా బయటికొచ్చేసరికి సమ్మె లేదు."

"ఒప్పుకోకపోతే ఎలా విరిగింది? నాకు కథలు చెప్పకు."

"ఎలాగో చాప్టరులో రాశాను. మీరు చదివితే కదా."

"ఋజువు లేని సిద్ధాంతాన్ని చదివి ఏం చేసుకోను? అక్కడ పడేసి వెళ్లు."

పడేసి వచ్చింది. ఇన్నేళ్లలో ఆమె రాసిన ముక్క ఒక్కటీ ఎవరూ చదవలేదు. ఎవరూ చదవకపోయేసరికి, రాసిందంతా చెత్తేమోనని ఆమెకే అనుమానం పట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే గైడు మళ్లీ కబురు పంపాడు. టెంటులో నినాదాలు చెప్పించేది ఆమే. అందుకే అందరూ ఆమెను మైకక్క అంటారు.

"ఏదో ఆశ పెడతాడక్కా, జాగ్రత్త," అన్నాడు గడ్డోడు. గడ్డి మొక్కల మీద పరిశోధన చేస్తున్నందుకు అతనికి ఆ పేరు స్థిరపడింది.

"పెట్టనీరా. నేను లొంగే రకమా?"

"నువ్వు లొంగితే నేను పరిశోధన మానేసి ఆ గడ్డే మేస్తాను."

టెంటు నవ్వింది. ఆమె మెట్లెక్కింది.

గదిలో ఫైళ్ల కట్టలు నేల మీద ఉన్నాయి. రెండో కుర్చీ కిటికీ పక్కన ఖాళీగా ఉంది.

"కూర్చోమ్మా. అక్కడైతే గాలి వస్తుంది."

"పర్వాలేదు సార్, నిలబడతాను."

"రెండుసార్లు చదివాను నీ చాప్టరు. నా సిద్ధాంతాన్ని తలకిందులు చేసిపెట్టావు కదా తల్లీ."

ఆమె కిటికీ వైపు నడిచింది. కూర్చుంది. టీ వచ్చింది. గైడు అడుగుతూ పోయాడు, ఆమె చెబుతూ పోయింది. కార్మికుల భార్యలు ఏమన్నారో చేతులు తిప్పుతూ చెప్పింది. ఒకచోట ఇద్దరూ పగలబడి నవ్వుకున్నారు.

"నీ ఒక్కదానికి ఫెలోషిప్పు వేయిస్తాను. టెంటులోంచి లేచి వచ్చెయ్," అన్నాడు మధ్యలో.

"అందరికీ వేయాల్సిందే సార్."

"సరే, నీ ఇష్టం," అని ఇంకో కప్పు టీ తెప్పించాడు. అంత తేలిగ్గా ఎందుకు వదిలేశాడా అని ఆమెకు తట్టలేదు. పరిశోధకులు లోకంలో ఉన్నదాన్నంతా అనుమానిస్తారు, పొగడ్తను తప్ప.

గెలిచినట్టే కిందికి దిగింది. టెంటులో గడ్డోడు ఒక్కడే జంపఖానా చుడుతున్నాడు.

"వీళ్లంతా ఏరిరా?"

"ఎవరి గైడు దగ్గరికి వాళ్లు పోయారు. ఆలస్యమైతే నీకు దొరికింది కూడా మాకు దొరకదని."

"నాకేం దొరికింది? నేను దేనికీ ఒప్పుకోలేదు."

"కావచ్చులే అక్కా." గడ్డోడు ఆమె ముఖం చూడలేదు. "ఆ గదిలో ఇన్నేళ్లలో మాలో ఎవరికైనా కుర్చీ వేశారా? నువ్వు కూర్చున్నావు. టీ తాగావు. నవ్వావు. ఇక్కణ్ణుంచి అంతా కనిపించింది."

ఆమె వెనక్కి తిరిగి పైకి చూసింది. మిల్లు మేనేజరు గదికీ అలాంటి కిటికీయే ఉండేది. గేటు దగ్గర కూర్చున్నవాళ్లకు లోపలి కుర్చీ కనిపించేది. మాట వినిపించేది కాదు. ఆ సంగతి చాప్టరులో రాసింది తనే.

కిటికీలోంచి గైడు తల బయటపెట్టి చెయ్యి ఊపాడు.

"ఋజువు లేదన్నాను కదమ్మా, ఇప్పుడు దొరికింది. నీ చాప్టరు మీద సంతకం పెట్టేశాను, వచ్చి తీసుకెళ్లు."