మొద్దు పుస్తకం

ఓర్వకల్లు రాళ్ల మధ్య దాచబోయే నిధి డబ్బాలో పెట్టడానికి హుసేనమ్మ మూడు రోజులుగా, తనంతట తానేమీ రాసుకోని ఒక్క మొద్దు పుస్తకం కోసం తిరుగుతోంది. ఫోన్లో గుర్తులు చూసుకుంటూ వచ్చి డబ్బాను కనిపెట్టినవాళ్లు, అందులో తమ చేత్తోనే పేరు, తేదీ రాసిపోవాలి. అదీ ఆట. అంగట్లోని పుస్తకాలేమో మనిషి చేయి తగలగానే అన్నీ వాటంతటవే రాసేసుకుంటాయి. పైగా "అద్భుతమైన అనుభవం" అని చివర తగిలిస్తాయి.

"ఏమీ రాయని పుస్తకం ఎవురికి కావాలక్కా?" అన్నాడు అంగడి మద్దిలేటి.

"నాకే! రాయాల్సింది మనుషులు, పుస్తకం కాదు."

"అట్లాంటివి మా అబ్బ కాలంతోనే పాయె."

ఒళ్లు మండి ఇంటికొచ్చి, పాత పెండ్లి పత్రికల ఖాళీ వైపులు కత్తిరించి, దబ్బనంతో తనే కుట్టింది. రెండుసార్లు వేలు పొడుచుకుంది. పుస్తకాన్ని డబ్బాలో పెట్టి రాళ్ల సందులో దాచింది.

వారం తర్వాత ఆత్రంగా వెళ్లి తెరిస్తే మొదటి పేజీ తెల్లగా ఉంది. తిట్టబోతూ దాన్ని ఎండకు ఎత్తింది. తుమ్మముల్లుతో పొడిచిన చిల్లులు వంకరటింకర అక్షరాలై వెలిగాయి:

"పెన్సిల్ యాడ పెట్టినావు తల్లీ? ఇట్లు బజారి, మార్చి 9."