మౌనం నాటి పోస్టరు

గాలి ఒక్క ఊపు ఊపేసరికి, బస్టాపు పక్క కంచెకు కట్టిన ఎన్నికల పోస్టరు తాడు తెగి బురదలో బోర్లా పడింది.

యగోదా కేకు పొట్లం బెంచీ మీద పెట్టి, దాన్ని ఎత్తబోయింది. పందొమ్మిదేళ్ళ పిల్ల. ఏదైనా పడిపోయి కనిపిస్తే ఊరుకోలేదు.

"ముట్టుకోకమ్మాయ్!"

వానకోటు టోపీ కనుబొమల దాకా లాక్కున్న ఒకాయన సైకిలు దిగి గబగబా షెడ్డు కిందికి వచ్చాడు. యాభై దాటి ఉంటాయి. నాలుగు రోజుల గడ్డం.

"పడిపోయిందండీ. కట్టేద్దామని."

"ఇవాళ మౌనం కదా. పడినదాన్ని నిలబెట్టినా ప్రచారమే. పోలీసులు చూస్తే జరిమానా."

నిజమే. శనివారం మొదలు ఆదివారం పోలింగు ముగిసేదాకా పోలండులో ఎవరూ ఎవరికీ వోటు అడగకూడదు. అన్నాళ్ళూ గొంతు చించుకున్న అభ్యర్థులు కూడా నోరు కట్టుకోవలసిందే.

"ఎవరిదో పాపం, తడిసిపోతుంది."

"తడవనీలే."

లారీల కింద పడకుండా ఆయనే దాన్ని ఎత్తి, దాని ముఖం కంచె వైపు తిప్పి ఆనించాడు. చేతులు కోటుకు తుడుచుకుని బెంచీ మీద కూర్చున్నాడు.

వాన పెరిగింది. బస్సు జాడ లేదు. యగోదాకు మాట్లాడకుండా కూర్చోవడం చేతకాదు.

"రేపు నా మొదటి వోటండీ. ఎవరికెయ్యాలో తెలీక బుర్ర వేడెక్కిపోతోంది. పేర్లు చెప్పన్లెండి, కూరగాయలు చెప్తా."

ఆయన నవ్వాడు. మౌనం రోజుల్లో అందరూ చేసే పనే అది.

"టమాటా ఉన్నాడా, గనులన్నీ మూసేస్తానంటాడు. దోసకాయేమో ఒక్కటి కూడా మూయనంటాడు."

"నీకెవరు నచ్చారు?"

"టమాటా. మా తమ్ముడు టీమెక్ చలికాలమంతా దగ్గుతూనే ఉంటాడు. ఊరంతా బొగ్గు పొగ. కానీ మా నాన్న గనిలోనే పని చేస్తాడు. టమాటా పేరెత్తితే చాలు, కంచం ముందునుంచి లేచిపోతాడు. మేమిద్దరం సరిగ్గా మాట్లాడుకుని నెలయింది."

ఇంట్లో ఆ మౌనమే ఆమెను తినేస్తోంది. వోటు ఎటు వేసినా ఒకరికి ద్రోహం చేసినట్టే ఉంది.

ఆమె పొట్లం విప్పి ఒక ముక్క ఆయన చేతిలో పెట్టింది. ఆదివారం కోసం కొన్న గసాల కేకు. ఆయన రాలిన పొడి కూడా వదలకుండా తిన్నాడు.

"గని మూసిన మర్నాడు పొద్దున మీ నాన్న ఎక్కడికెళ్తాడో టమాటా చెప్పాడా?"

యగోదా ఆలోచించింది. "లేదు."

"మూయకపోతే మీ తమ్ముడి దగ్గు సంగతేంటో దోసకాయ చెప్పాడా?"

"ఊహూ."

"పోనీ మీ నాన్నని అడిగావా, ఎక్కడికెళ్తావని?"

ఆమె ఎప్పుడూ అడగలేదు.

"రెండూ చెప్పినవాళ్ళు ఎవరూ లేరాండీ?"

ఆయన నోరు తెరిచాడు. కంచె వైపు ఒకసారి చూశాడు. మళ్ళీ మూసుకున్నాడు.

"అందరి కరపత్రాలూ చదివావా?"

"ముల్లంగి ఒకాయన ఉన్నాడు. రెండు శాతం కూడా రావంటున్నారు. ఆయనది చూడనేలేదు."

"ముల్లంగికి ఇంట్లోవాళ్ళ వోట్లైనా పడతాయిలే!" అని ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు.

"మీరెవరికి వేస్తున్నారు?"

"అది చెప్తే మౌనం తప్పినట్టే."

"ఇక్కడ మనిద్దరమేగా, ఎవరు వింటారు?"

"నేను వింటాగా. కేకు బ్రహ్మాండంగా ఉందమ్మా." వాన తగ్గకుండానే సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం సూపు తాగుతుండగా యగోదా అడిగేసింది.

"గని మూసేస్తే మర్నాడు ఏం చేస్తావు నాన్నా?"

తండ్రి ఎర్విన్ చెంచా కింద పెట్టాడు. లేచిపోతాడనుకుంది. లేవలేదు.

"ఇన్నాళ్ళకి అడిగావా! గాలిమరలు బిగించడం నేర్పిస్తే నేర్చుకుంటానే. నా చేతులకి ఇనుము కొత్తా? టీమెక్ దగ్గు నాకు మాత్రం వినబడట్లేదనుకున్నావా?"

ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. టీమెక్ మధ్యలో దూరి గాలిమర బొమ్మ గీశాడు. ఆ సందడిలో ముల్లంగి ఏం రాశాడో చదవాలన్న సంగతే ఆమె మరిచిపోయింది.

ఆదివారం తండ్రీ కూతుళ్ళు కలిసే వెళ్ళి వోటేశారు. ఆమె టమాటాకే వేసింది. గెలిచేవాడికి వెయ్యకపోతే వోటు వృథా అనుకుంది. నాన్న ఎవరికి వేశాడో అడగలేదు, అడగాలనీ అనిపించలేదు. ఎండ కాస్తోంది. ఇంట్లో మిగిలిన కేకు ఉంది. ఇంతకంటే ఏం కావాలనిపించింది.

బస్టాపు దగ్గర పోస్టరు మళ్ళీ పడి ఉంది. ఈసారి వెల్లకిలా.

ఎర్విన్ ఆగి పైకే చదివాడు. "పొగా వద్దు, పస్తులూ వద్దు. గని మూతకంటే ముందు కొత్త పని." ఆశ్చర్యపోయాడు. "ఎవడే వీడు, నిన్న మనింట్లో కూర్చుని విన్నట్టు రాశాడు!"

దాన్ని ఎత్తి కంచెకు కట్టబోయాడు.

"వద్దు నాన్నా, ఇవాళ కూడా మౌనమే" అంటూ యగోదా ఆపింది. పోనీ పేరైనా చూద్దామని వంగి, చేతిరుమాలుతో బురద తుడిచింది.

నున్నగా గీసిన గడ్డంతో, మెడకు టైతో అక్కడ నవ్వుతున్నది, నిన్న "తడవనీలే" అంటూ తన ముఖాన్ని తానే కంచె వైపు తిప్పి పెట్టిన ముల్లంగి.