గుట్ట కింది బీడు

"ఇయ్య. ఏం చేసుకుంటవో చేసుకో."

జగదీష్ తిట్టింది ఫోన్ ఆటలో ఉన్న ఏజెంటును. కోటు, టై వేసుకున్న ఆ ఏజెంటు నవ్వుకుంటనే నిలబడ్డడు. బొమ్మ గదా, సిగ్గెక్కడిది?

పశువుల ఆట అది. మంద నీది, బీళ్లు నీవి. ఏ బీడులో ఎప్పుడు మేపాలె, దేన్ని వదిలిపెట్టాలె, అంతా నువ్వే చూసుకోవాలె. ఒక్క బీడునే పట్టుకుని మేపితే గడ్డి వేర్లతో సహా పోతది. మంద బక్కచిక్కుతది, ఆట ఒడుస్తది.

జగదీష్ మంద మాత్రం నిగనిగలాడుతున్నది. అదంతా వాళ్ల యాడి చలవ. తండాలో అమ్మను యాడి అంటరు. యాడి కమ్లి ఏటా గుట్ట కింది బీడును ముట్టకుండా ఉంచేది. శీత్లా పండుగనాడు నైవేద్యం మీదుగా పశువులను దాటించినంకనే అందులోకి తోలేది. అప్పటికి గడ్డి మోకాలెత్తు లేచేది. జగదీష్ ఆటలో గూడ గట్లనే చేస్తడు. ముందు నడిచే ఆవుకు యాడి ఆవు పేరే పెట్టిండు, మచ్చి అని.

ఇప్పుడు ఏజెంటు అడిగేది ఆటలోని గుట్ట కింది బీడునే. చెట్లు పెడతడంట. బదులుగా ట్రాక్టరు ఇస్తడంట.

"ట్రాక్టరు పాలిస్తదారా?" అనుకుంట జగదీష్ 'వద్దు' నొక్కిండు.

ఇల్లందులో వాళ్లది ఒంటి గది కిరాయి ఇల్లు. భార్య సరళ కంచం తెచ్చి ముందట పెట్టింది.

"పొద్దటిసంది పశువుల ఎంబడే తిరిగొచ్చినవ్. ఇంట్ల గూడ అవేనా? అన్నం చల్లారుతున్నది."

"ఆగు. వీడు నోటికాడి కూడు గుంజుకుంటుండు."

"బొమ్మ గదయ్యా."

"బొమ్మైతే ఏంది?"

ఏజెంటు పొమ్మన్నా పోలేదు. చూస్తుండంగనే బీడు చుట్టూ కంచె లేచింది. గేటు కాడ కాపలా మనిషి వచ్చి నిలబడ్డడు. వాని నెత్తి మీద అక్షరాలు పడ్డయి. 'మంద వెనక్కి తిప్పు.'

జగదీష్ కంచం పక్కకు జరిపిండు.

"నువ్వెవడివిరా చెప్పేటానికి? నీ అయ్య జాగనా? పూట తిండికి అమ్ముడుపోయినోడా, జరుగు పక్కకు."

మచ్చిని ముందు పెట్టి మందనంతా కంచె మీదికి తోలిండు. కంచె కూలింది, కాపలా మనిషి కింద పడ్డడు. ఆట శిక్ష వేసి లెవెల్ గుంజుకున్నది. పోతే పోనీ అనుకున్నడు. మారు వడ్డించుకుని మరీ తిన్నడు.

చెయ్యి కడుగుతుంటే తండా నుంచి ఫోన్.

"కొత్త కొలువు ఎట్లున్నది బిడ్డా?" కమ్లి అడిగింది.

"మంచిగనే ఉన్నది యాడీ."

"రేపే శీత్లా. పండుగ కాంగనే మందను గుట్ట కిందికి తోలుతున్న."

"అక్కడ ఫారెస్టోళ్లు జామాయిల్ మొక్కలు పెట్టిండ్రు గదా. కంచె గూడ వేసిండ్రు."

"వేస్తే? మీ తాత మేపిండు, నేను మేపిన. వాన మొఖం చాటేసింది. ఇంకో దిక్కు గడ్డిపోస లేదు. అక్కడికి తోలకుంటే మంద బతకదు."

"కాపలా పెట్టిండ్రు యాడీ."

"పెట్టనీ. జరగమంట. జరగకుంటే మచ్చే జరుపుతది. నాకెవడంటే భయం?"

ఫోన్ పెట్టేసిండు. సరళ అతని మొఖంలకు చూసింది.

"ఏమంటది అత్తమ్మ?"

"మొండిది. ఎవని మాటా వినదు," అన్నడు జగదీష్. ఆ మాటలో గర్వమే ఉన్నది.

మర్నాడు పండుగ కాంగనే మచ్చిని ముందు పెట్టుకుని కమ్లి మందను గుట్ట కిందికి తోలుకొస్తే, తాళం వేసిన గేటు కాడ ఖాకీ చొక్కా తొడుక్కుని, కర్ర పట్టుకుని నిలబడ్డ కొత్త వాచర్ తల దించుకుని, "మంద వెనక్కి తిప్పు యాడీ," అన్నడు.