బస్తాకి నూట తొంభై మూడు

“మోల్ అంటే ఏంటో నాకు బుర్రకెక్కడం లేదమ్మా,” అంది కూతురు, కెమిస్ట్రీ నోట్సు బల్ల మీద ముందుకు తోస్తూ.

తల్లి గడియారం చూసింది. ఎనిమిది దాటి పది నిమిషాలు. పదిన్నరకి ఫ్యాక్టరీలో విచారణ.

ఆమె కుర్చీలు బిగించే విభాగంలో సూపర్‌వైజర్. బోల్టులు మాయం చేశాడని స్టోర్‌కీపర్‌ని సస్పెండ్ చేసి పన్నెండు రోజులైంది. ఫిర్యాదు రాసింది ఆమే. ఈరోజు అదే మాట కమిటీ ముందు చెప్పి సంతకం పెడితే అతని ఉద్యోగం పోతుంది. చెప్పాల్సింది కాగితం మీద రాసుకుంది. పొద్దుట్నుంచి మూడుసార్లు చదివి, మూడుసార్లూ మడిచి ఫైలులో పెట్టింది.

“రేపు పరీక్ష పెట్టుకుని ఇవాళ చెప్తున్నావా? రోజూ సాయంత్రం మీ బాబాయి ఇంట్లో చదివేదేంటి మరి?”

“అక్కడ లెక్కలు చేస్తున్నా.”

బాబాయి ఇంటికి కూతురు నిండు బాక్సు పట్టుకెళ్తుంది, ఖాళీది తెస్తుంది. ఒక్కదానికి అంత ఎందుకని తల్లి అడగలేదు. సర్దేది తనే.

ఆమె నోట్సు తిరగేసింది. మోల్ లెక్కల కింద ఎర్ర సిరాతో టిక్కులున్నాయి.

“పదికి పది వచ్చాయి కదే?”

“పక్కదాన్ని చూసి కొట్టేశా.”

“బాగుంది సంబరం.” మూడో కుర్చీలో ఉన్న ఫైలు తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. “పది నిమిషాలు. చదువు.”

“మోల్ అంటే ఒక సంఖ్యట. డజను లాగా.”

“గుడ్లు డజనైనా, పుచ్చకాయలు డజనైనా పన్నెండే. ఇందులో తెలీనిదేముంది?”

“ఇది పన్నెండు కాదమ్మా. ఆరు పక్కన ఇరవై మూడు సున్నాలు.”

“అమ్మో! అన్ని ఎవరు లెక్కపెట్టారే?”

“లెక్కపెట్టరు. తూస్తారట. అదే అర్థం కావట్లేదు.”

తల్లి నవ్వింది. పన్నెండు రోజుల్లో అదే మొదటిసారి.

“పిచ్చిదానా, మా దగ్గర బోల్టులు మాత్రం ఎవరు లెక్కపెడతారు? ఒక్కోటి ఐదు గ్రాములు. బస్తా పాతిక కిలోలు. అంటే లోపల ఐదు వేలున్నట్టు. స్టోర్‌లో బస్తాని కాటా మీద పెడతారు, రిజిస్టర్లో ఐదు వేలని రాసేస్తారు. ఒకదాని బరువు తెలిస్తే కుప్పలో ఎన్నున్నాయో కాటాయే చెప్తుంది. నీ మోల్ కూడా అంతే అయ్యుంటుంది.”

“మరి స్టోర్‌లో ఐదు వేలున్నవి మీ దగ్గరికొచ్చేసరికి ఎలా తగ్గాయి?”

తల్లి ముఖంలో నవ్వు పోయింది. “కుర్చీకి నాలుగు చొప్పున బిగిస్తూ పోతే తేలింది. బస్తాకి నూట తొంభై మూడు తక్కువ. ఎనిమిది బస్తాలు చూశాను. ఒకటీ అరా తేడా, అంతే.”

“దొంగ ప్రతిసారీ లెక్కపెట్టుకుని అన్నే తీస్తాడా?”

“ఆ మనిషికి అన్నిటికీ ఓ పద్ధతి. దొంగతనానిక్కూడా.”

“ఆయన తియ్యలేదన్నారుగా?”

“తీసినవాడెవడైనా తీశానంటాడా? స్టోర్ తాళం ఆ మనిషి దగ్గర తప్ప ఎవరి దగ్గరా ఉండదు. బస్తాలు వాటంతటవే చిక్కిపోతాయా?” “ఆ గొడవ నీకెందుకు? పాఠం చూడు.”

కూతురు వేలు పెట్టి చదివింది. “కార్బన్ పన్నెండు గ్రాములు తూస్తే ఒక మోల్. మెగ్నీషియం పరమాణువు దానికి రెట్టింపు బరువు. మరి మెగ్నీషియం కూడా పన్నెండు గ్రాములే తూస్తే?”

“సగమే వస్తాయి.”

“అది మెగ్నీషియమని చూసుకోకుండా, కార్బనే అనుకుని ఒక మోల్ అని రాసేస్తే?”

“సగం తక్కువ పడతాయి.”

“ఆ తక్కువైనవి ఎవరు తీసినట్టు?”

“ఎవరో తియ్యడమేంటే? అవి అసలు లేనే లేవు. రాసుకోవడంలోనే...”

ఆమె ఒళ్లోని ఫైలు బల్ల మీద పెట్టింది.

పాత బోల్టుల తలలు స్పానరుకి అరిగిపోతున్నాయని, తల మందంగా ఉన్నవి తెప్పించమని రెండు నెలల కిందట అడిగింది ఆమే. తెప్పించారు. స్టోర్‌లో కాటా పక్కన అంటించిన కాగితం మీద ఐదు గ్రాములన్న అంకెని మాత్రం ఎవరూ మార్చలేదు.

కూతురు లేచి వంటింటి కాటా తెచ్చింది. పెన్సిళ్ల సంచిలోంచి ఒక పొట్లం తీసి విప్పింది. పాత బోల్టులు ఇరవై. నూరు గ్రాములు తూగాయి. వాటిని తీసేసి రెండో పొట్లం పోసింది. కొత్తవి, అవీ ఇరవయ్యే. నూట నాలుగు.

“ఇవెక్కడివే నీకు?”

కూతురు పెన్సిలు తీసి తల్లి చేతికిచ్చింది.

తల్లి ఫైలు అట్ట మీద భాగహారం వేసింది. ఒక్కోటి ఐదు పాయింట్ రెండు. బస్తా పాతిక వేల గ్రాములు. నాలుగు వేల ఎనిమిది వందల ఏడు వచ్చాయి. ఐదు వేలలోంచి తీసేసింది. నూట తొంభై మూడు.

మళ్లీ మొదట్నుంచి వేసింది. అదే వచ్చింది.

“గేటు దగ్గర అందరూ వింటుండగా దొంగ అన్నాను,” అంది.

“తెలుసు.”

“తల దించుకుని వెళ్లిపోయాడే ఆ మనిషి. ఒక్క మాట తిరిగి అనలేదు.”

“అదీ తెలుసు.”

ఆమె ఫైలులోంచి కాగితం తీసి చింపింది. “కమిటీకి నేను చెప్పుకుంటాను. ముందు ఆ మనిషికి చెప్పాలి.”

నంబరు వెతుక్కోకుండానే నొక్కింది. అవతల రింగవుతూనే ఉంది. ఆగిపోయింది. మళ్లీ చేసింది. మళ్లీ ఆగిపోయింది.

కూతురు తన ఫోన్ బల్ల మీద ముందుకు జరిపింది.

“దీంతో చెయ్యమ్మా, నీ నంబరైతే నాన్న ఎత్తరు.”